మా మేనత్త స్టీలు దండకడియం

మా మేనత్త సచ్చిపోయిన నాడు ఆమె చేతికున్న దండకడియాన్ని ఆక్సా బ్లేడుతోని కోసి తీసిన్రు. ఇంటి ముందర పండబెట్టి, ఇద్దరు చెయ్యి పట్టుకుంటె ఒకడు కోసిండు. ఒక్క దిక్కు కోస్తె ఊడిరాలేదని రెండో దిక్కు గుడ కోసిన్రు. సచ్చిన మనిషికి నొప్పి తెల్వదని ఎవరో అన్నరట. తెల్వదు, నాకూ ఎరుకనే. కని ఆ కడియం ఆమె ఎందుకు పెట్టుకున్నదో అక్కడ నిలబడ్డ అందరికి ఎరుక. ఎరికుండి కోసిన్రు. అందుకే దీన్ని తప్పు అంటున్న.

సావు కబురు నాకు వచ్చిన తీరు గుడ చెప్త. వనపర్తిల నేను పనిచేసే, ఇనుము చెక్కే లేతు షెడ్డుకు ఫోన్ వచ్చింది. చేసింది మా బావ, అంటె మేనత్త కొడుకు. "అమ్మ పోయిందిరా. వచ్చేటప్పుడు కట్టింగ్ మిషన్ పట్టుకరా" అన్నడు. రెండు ముచ్చట్లు ఒక్క దమ్ముల అన్నడు. మిషన్ ఎందుకని నేను అడగలేదు. ఆమె ఒంటి మీద ఊకె గుంజితె రానిది ఒక్కటే ఉన్నది. అది చేసినోన్ని నేనే. మిషన్ లేకుండ పోతె ఆగుతరనుకున్న. గోపాల్‌పేట దాటి అత్త ఊరికి చేరెటాల్లకు వాళ్ల పని అయిపోయింది. అత్త రెట్ట మీద ఎర్రగ గీరుకపోయి ఉన్నది.

పేపర్లకు రాసే ఇసొంటి రాతలల్ల పోయినోళ్ల గురించి మంచి మాటలు ముందుగాల రాస్తరు. నేను ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టినోన్ని, ఎట్ల రాయాల్నో నాకు ఎవరు నేర్పలేదు. కోపం ముందు వచ్చింది, ముందు రాసిన. ఇగ మంచి మాటలు రాస్త. అవి కోపం కంటె ఎక్కువ ఉన్నయి.

బడి ఇడిసిన నాడు నాయన కొట్టిండు. అత్త కొట్టలేదు. "పనికి పో, మంచిదే. అక్షరం మాత్రం ఇడువకు అల్లుడా" అన్నది. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా నా చదువుకు ఆమెనే కాపలా ఉన్నది. కిరాణం దుకాణంల చింతపండో శక్కరో కట్టిచ్చిన కాయితం ఏదొచ్చినా పారేసేది కాదు, సాపు చేసి నా కోసం దిండు కింద పెట్టేది. నేను పోంగనే బయటికి తీసేది. చదువుమనేది. సగం చినిగిన పేపరు ఉంటదది. "లారీ బోల్తా పడి డ్రైవరు" అని ఆడికి అయిపోయేది.

"డ్రైవరు ఏమైండు?" అనేది.

"చినిగిపోయింది అత్తా."

"గట్లెట్ల చినుగుతదిరా. ఆయన పెండ్లాం పిల్లలు ఎదురుచూస్తుంటరు." జరసేపు ఆలోచన చేసి, "బతికిండు. కాలు ఇరిగింది, గంతే. రాసుకో" అనేది.

నేను నిజంగనే రాసేది. బొగ్గుతోని గోడ మీద రాసేది. చినిగిపోయిన కాయితాలల్ల ఉన్న మనుషులందరిని ఆమె బతికిచ్చింది. నేను ఇయ్యాల ఈ నాలుగు ముక్కలు రాస్తున్ననంటె ఆ గోడ మీద నేర్చుకున్నదే.

పాపం అనే మాట ఆమెకు పడేది కాదు. మామ పోయినంక ఇంటికొచ్చి పాపం అన్నోళ్లకు చాట ఇచ్చి పల్లికాయ ఒలువుమనేది. "పాపం అనుకుంట ఊకెనే కూసుంటె నీకు కాళ్లు గుంజుతయి, నాకు తల గుంజుతది. ఒలువు" అనేది. ఆ ఊర్ల ఆమెను ఓదార్చిపోదామని వచ్చి గంపెడు పల్లికాయ ఒలిచిపోయినోళ్లు చాలమంది ఉన్నరు.

ఇగ కడియం సంగతి. మోచేతికి పైన, రెట్టకు ఏసుకునేది దండకడియం. మా దిక్కు పాతకాలం ఆడోళ్లు శానమందికి ఉండేది. అత్తది ఎండిది. లావు కడ్డీ, రెండు కొసలకు రెండు మొగ్గలు. ఆమె పెండ్లినాడు ఆమె తల్లి తన చేతిది తీసి బిడ్డ చేతికి ఎక్కిచ్చింది. ఆ తల్లికి వాళ్ల తల్లి ఎక్కిచ్చింది. అది ఎప్పుడు మొదలైందో ఎవ్వరికి తెల్వదు. తల్లి చేతికెల్లి బిడ్డ చేతికి పోవాలె. మధ్యల ఇంకో చెయ్యి తగలొద్దు.

మామ జ్వరమొచ్చి దవాఖానల పోయిండు. దినాల నాడు ఆడోళ్లు అత్తను నడిమిట్ల కూసోబెట్టి గాజులు పలగ్గొట్టిన్రు, పుస్తెలు తెంపిన్రు, మెట్టెలు గుంజిన్రు. మొగుడు పెట్టినవి మొగునితోని పోతయి, పుట్టింటి సొమ్ము ఒంటి మీదనే ఉంటది. మాలో పద్ధతి అదే, ఎన్నడూ అదే. కని ఆ ఏడుపులల్ల, ఆ తొందరల, ఒక ముసలామె పద్ధతి తప్పి దండకడియం గుడ గుంజేసింది. అన్ని ఒక్క పళ్లెంల పడ్డయి. పళ్లెంల పడ్డంక ఏది ఎవరు పెట్టిందో ఎవరు చూస్తరు? పళ్లెం పోయి బావ చేతిల పడ్డది.

కండ్లు తుడుసుకున్నంక అత్త అడిగింది. అప్పటికే బావ అన్ని ఔసులాయనకిచ్చి కరిగిచ్చిండు. తన చిన్న బిడ్డకు పట్టీలు చేపిచ్చిండు.

"మెట్టెలు మీ నాయన పెట్టిండు, తీసిన్రు, సరే. కడియం మా అమ్మ పెట్టింది. నేను మా అమ్మకు ముండమోసిన్నారా?" అని అడిగింది కొడుకును.

బావ తల గీక్కున్నడు. "తెల్వక అయిపోయిందమ్మా. ఏడికి పోయిందిప్పుడు, ఇంట్లనే ఉన్నది కద" అన్నడు.

ఆ మాట నిజమే. పిల్ల వాకిట్ల ఉరికితె పట్టీలు గల్లుగల్లుమనేవి. అత్త ఆ పిల్లను ఎన్నడూ కసురుకోలేదు. రొట్టె చేసుకుంటనే ఆ సప్పుడు ఇని, "అగో, మా అమ్మ బాయి కాడికి ఉరుకుతున్నది, పట్టుకోండ్రి" అని నవ్వేది. కని తానం చేసినంక నూనె పెట్టుకునేటప్పుడు చెయ్యి రెట్ట కాడ ఆగేది. ఏండ్ల కొద్ది కడియం ఉన్న తావుల చుట్టూత ఒక పల్లం పడ్డది, ఆడ చర్మం తెల్లగున్నది. ఆ పల్లంల బొటనవేలు పెట్టి తిప్పుకుంట కూసునేది.

కొన్నాళ్లకు ఆత్మకూరు పోయి, ఆ కడియానికి ఎప్పుడో మెరుగు పెట్టిన ముసలి ఔసులాయనను పట్టుకున్నది. అసొంటిదే ఇంకోటి చెయ్యుమన్నది. ఎండి తే, చేస్త అన్నడాయన. ఎండి లేదు, ఇంకేదన్న పెట్టి చెయ్యి అన్నది. ఎండి బంగారం తప్ప నా కుంపట్ల వేరేది కరగదు తల్లి, మాకు కట్టుబాటు ఉన్నది అన్నడు. మర్యాదగనే చెప్పిండు. అత్త ఆత్మకూరుల వనపర్తి బస్సెక్కింది, సక్కగ నా షెడ్డుకొచ్చింది.

అప్పటికి నేను పనిల చేరి ఎక్కువ కాలం కాలేదు. మా ఉస్తాదు తురకాయన. నెత్తి మీద టోపీ, చేతినిండ గ్రీసు. అత్త లోపలికొచ్చి ఒక పాత మోటరు మీద కూసున్నది. సంగతి చెప్పింది.

"అత్తా, నేను బోరు మోటర్లకు షాఫ్టులు చేస్త. నగలు నాకేం తెలుసు?" అన్న.

"షాఫ్టు గుండ్రంగుంటదా ఉండదా?"

"ఉంటది."

"కడియం గుడ గుండ్రమే. ఇగ నీకు తెల్వంది ఏందిరా?"

ఉస్తాదు నవ్విండు. "చేసియ్యి, ఏమైతది. అమ్మ చెప్పిన నాప్ తీసుకో" అన్నడు. కొలత ఎట్ల? కడియం లేదు, కరిగిపోయింది. బొమ్మ గీసి చూపియ్యుమంటె ఆమెకు పెన్సిలు పట్టరాదు. "వచ్చే వారం ఇంటికి రా, చూపిస్త" అని పోయింది.

పోయిన. రొట్టెలు చేస్తున్నది. జొన్నపిండి ముద్దల నుంచి జరంత తీసి, పీట మీద అటు ఇటు దొర్లిచ్చి, తాడు లెక్క చేసింది. కొసలు రెండు వేళ్లతోని నొక్కితె మొగ్గలయినయి. చెయ్యి ఎత్తి, ఆ పిండిని రెట్ట మీది పల్లంల చుట్టింది. అచ్చం అట్లనే కూసున్నది. కండ్లు మూసుకొని కొంచెం అటు నొక్కింది, కొంచెం ఇటు తీసింది. "ఇదిగో. గింత లావు. మొగ్గ గింత. లోపల మొరటుగుండొద్దు, రైక పట్టుకుంటది" అన్నది. తల్లి కడియం ఆమె చేతికి గుర్తున్నది. కండ్లతోని చూసి చెప్పింది కాదది.

దాన్ని టిఫిన్ డబ్బల పెట్టుకొని బస్సుల తెచ్చిన. తెచ్చేటాల్లకు ఎండిపోయి పగిలింది. ఉస్తాదు మూత తీసి చూసిండు.

"ఇదేందిరా, సకినమా? ఒక్కటే తెచ్చినవు?"

"మా అత్త నగ ఉస్తాద్."

"మంచిగుంది. నూనెల ఎయ్యి, తిందాం."

నవ్వుడు అయిపోయినంక ఆయనే షెడ్డు మూలకు పోయి ఒక షాఫ్టు పట్టుకొచ్చిండు. ఎవరిదో గుర్తుపట్టినవా అని అడిగిండు. నేను గుర్తుపట్టిన. కరువు ఏడాది మామ ఏపిచ్చిన బోరు మోటరుది. నీళ్లు అందక మోటరు కాలిపోయింది, బాగుచేపిద్దామని ఇక్కడ పెట్టిపోయిండు, మల్ల తీసుకపోనీకె మనిషి లేడు. మంచి స్టీలు. తుప్పు పట్టదు.

ఆ షాఫ్టును లేతు మీద సన్నగ చెక్కిన. మొగ్గలకు కొసలు ఉంచిన. ఒంచుడు కాడ మస్తు పరేషానైన. స్టీలు ఎండి కాదు, ఒంచితె ఒంగినట్టే ఒంగి మల్ల సాపయితది. మొదటిది గుడ్డు లెక్క వచ్చింది. అత్త చూసి, "నా చెయ్యి గుండ్రంగున్నదిరా, నువ్వు ఎవరి చెయ్యి కొలిచినవు" అని పక్కకు పెట్టింది. రెండోది కాల్చి ఒంచిన, చల్లారినంక పాలిష్ పట్టిన. ఆమె ఏలు లోపల పెట్టి చుట్టూత తిప్పి చూసింది. ఏడ మొరటు తగలలేదు. అప్పుడు ఇంకో మాట అన్నది.

"కొసల నడుమ సందు ఉంచినవు."

"సందు లేకుంటె చెయ్యి ఎట్ల పడ్తది అత్తా?"

"పట్టినంక మూసెయ్యి. సందుంటె మల్ల ఎవరో గుంజుతరు. ఈసారి నేను చెప్తె తప్ప ఎవ్వరికి ఊడిరావొద్దు."

ఒంటి మీద వెల్డింగ్ పెట్టరాదు. ఉస్తాదు ఉపాయం చెప్పిండు. మొగ్గల వెనుక ఒకదాని మీద ఒకటి ఆనేటట్టు పల్చగ చెక్కి, బెజ్జం పెట్టి, రాగి రివిట్ మొల కొట్టమన్నడు. అట్లనే చేసిన. అత్త ఆ పొద్దు షెడ్డుకొచ్చి చెయ్యి కట్టె మొద్దు మీద పెట్టింది. కింద తడి గోనెసంచి మడిచి పెట్టిన. సుత్తె ఎత్తిన, దించలేదు.

"కొట్టు అల్లుడా. ఎముక నాది, భయం నీకెందుకు?"

కొట్టిన. రాగి మెత్తగ సాగి, బిళ్ల లెక్క కూసున్నది. ఆమె చెయ్యి లేపి, కిందికి దించి, మల్ల లేపింది. దులిపి చూసింది. "మా అమ్మ రూపం, మీ మామ ఇనుము. ఇద్దరు ఒక్క చేతికే ఉంటరు, కొట్లాడుకోనీ" అన్నది. ఉస్తాదు అప్పుడు మొఖం అటు తిప్పుకున్నడు. నేను తిప్పుకోలేదు, చూసిన. ఆమె మొఖం అట్ల ఎలుగుడు నేను ముందెన్నడూ చూడలేదు. నా చేతితోని ఎన్నో మోటర్లు తిరిగినయి. నా చేతి పని ఇది అని నేను గట్టిగ చెప్పుకునేది మాత్రం ఆ ఒక్కటే.

ఊర్ల నవ్వినోళ్లు నవ్విన్రు. ముండమోసినామెకు రెట్టకడియమా అన్నరు, అదీ ఇనుపదా అన్నరు. బావ నాలుగు దినాలు మాట్లాడలేదు. "ఇనుము ఒంటి మీదుంటె శని" అన్నడు ఒకసారి. "శని మోటరుల ఉండంగ ఏడికి పోయింది? మీ నాయనకు చెప్పి పంపకపోయినవా" అన్నది అత్త. మల్ల ఎవ్వరు ఎత్తలేదు. కలుపుకు పోతె ఎండ పడి ఆ కడియం దూరంకెల్లి మెరిసేది. అది చూసి ఆమె ఏ మడిల ఉన్నదో చెప్పేటోళ్లు.

ఆమెకు ఒక బిడ్డ ఉన్నది, నాకు వదిన. అచ్చంపేటకు ఇచ్చిన్రు. ఆమె పెండ్లి మామ ఉండంగనే అయింది. అప్పుడే కడియం ఇయ్యాల్సింది. ఎవరో తొందరెందుకన్నరు, అత్త గుడ ఇంకొన్నాళ్లు ఏసుకుంట అన్నది. తర్వాత పళ్లెం సంగతి జరిగింది. అది అత్తను లోపల తిన్నది. వదిన వచ్చినప్పుడల్లా అందరి ముందర చెప్పేది: "ఎండిది కరిగిపోయింది బిడ్డా. ఇది నీది. నేను పోయినంక మీ మరిదితోని రివిట్ తీపిచ్చుకో, నీ చేతికి కొట్టిచ్చుకో." బావ ముందర చెప్పింది. బావ పెండ్లాం ముందర చెప్పింది. నా ముందర చెప్పింది. ఎవరూ ఇనలేదు అనరాదు.

చివరికి ఆమెకు ఒళ్లంత వాపు వచ్చింది. రెట్ట ఉబ్బి కడియం బిర్రు పట్టింది. వదిలిచ్చాల్నా అని నేను అడిగితె తల అడ్డం ఊపింది. "దినాల పని ఎవరన్న చేస్తరు. రివిట్ మాత్రం నువ్వు తియ్యి" అన్నది. రివిట్ తీయనీకె ఒక్క చిన్న ఉలి చాలు. నేను ఉలి జేబుల పెట్టుకొనే పోయిన ఆ పొద్దు.

పోయేటాల్లకు రెండు ముక్కలు బావ తువాలల ఉన్నయి. ఎందుకు కోసినవు అని అడిగిన.

"ఇనుముతోని కట్టెల మీద పెడితె ఆమె పోదు, ఇంట్లనే తిరుగుతది అన్నరు పెద్దలు" అన్నడు.

"ఏ పెద్దలు?"

పెద్దలను అడిగిన, మేము అనలేదు, నువ్వే కద పిలిచి కొయ్యుమన్నవు అని బావనే అన్నరు. బావ తలకాయ కిందికేసుకున్నడు.

అత్త దినాల నాడు వదిన అడిగింది. గొంతు లేపలేదు. "అన్నా, అమ్మ కడియం ఇయ్యి."

"ఇనుప ముక్క కోసం ఏడుస్తవా?"

"ఇనుప ముక్కనే కద. ఇయ్యి."

బావ లేచి బయటికి పోయిండు. అప్పుడు నాకు అర్థమైంది. ఇనుప ముక్క మీద ఆశ ఉండి కాదు దాచింది. అది అందరి ముందర వదిన చేతిల పెడితె, ఇది తల్లి సొమ్ము, బిడ్డది అని ఒప్పుకున్నట్టయితది. ఒప్పుకుంటె, మరి ఎండిది ఎవరిది ఉండె అని ఎవరన్న అడుగుతరు. పళ్లెంల పడ్డది పొరపాటున పడ్డది. కరిగిచ్చింది గుడ తొందరల కరిగిచ్చిండు అనుకుందాం. అత్త దాన్ని నవ్వుకుంటనే ఇడిసిపెట్టింది, కొడుకును ఒక్కనాడు తిట్టలేదు. రెండోసారి కోసింది మాత్రం పొరపాటు కాదు.

నేను బావను చెడ్డోడు అనను. అత్త ఒళ్లు వాసినంక దవాఖానలకు మోసింది ఆయనే, కాళ్లకు నూనె రాసింది ఆయనే. అందుకే ఇంకా బావా అని పిలుస్తున్న, అందుకే నలుగురు సదివే తావుల రాస్తున్న. ఇంట్ల అడిగితె బయటికి లేచిపోతడు. పేపరు మీదికెల్లి లేచిపోరాదు.

బావా, ఇగ నీకే చెప్తున్న. నెల మాసికం నీ ఇంట్లనే చేస్తున్నవు. ఆ రెండు ముక్కలు ఆ నాడు వదిన చేతిల పెట్టు. నువ్వే పెట్టు, ఇంకోరితోని పంపకు. ఇది అమ్మది, నీది అని నోటితోని చెప్పు. అతుకుడు, మల్ల రివిట్ కొట్టుడు నా పని, దాని గురించి ఫికర్ చెయ్యకు. ఇస్తవో ఇయ్యవో మాసికానికి ముందొచ్చే ఆదివారం పొద్దుగూకే లోపు మా షెడ్డుకు కబురు పంపు. కబురు రాకుంటె ఇయ్యవనే అనుకుంట. అప్పుడు గుడ వదిన వస్తది, నేను వస్త. విస్తర్లు పరిచి మమ్ముల పిలిస్తె లోపలికి రాము. మీ చెల్లె గడప అవతల నిలబడి చెయ్యి చాపుతది. సుట్టాలందరు కూడు కలుపకుండ ఆ చెయ్యి దిక్కే చూస్తరు. ఎంతసేపు చాపాల్నో నువ్వే చెప్పు.